నూట ఇరవై ఐదు కన్నా ఎక్కువ

సోమవారం, మొదటి షిఫ్టు

పెద్ద ఫ్యాను పొద్దున్నే మామూలుగా తిరిగింది. వడపోత గుడ్డలు దించి, ఉతికి ఆరేశాను. అన్ని గల్లీల్లోనూ గ్యాసు కళ్లు తుడిచాను. వాటి మీద బొగ్గు ధూళి పేరుకుంటే గ్యాసునూ పొగనూ పసిగట్టలేవు. మూడో గల్లీలో ఒక కన్ను వదులైతే బిగించాను.

గాలిగదిలో షిఫ్టు దిగేవాళ్లు ఆ రోజు జరిగింది రాసిపెట్టాలని మా లోనూరు కట్టుబాటు. ఎండలకు తాళలేక పాత బొగ్గుగనిలో కట్టుకున్న ఊరు ఇది. రాసేది ఇద్దరమే, నేనూ నాకీ పని నేర్పిన లింగమూర్తి సారూ. ఎక్కువ రోజులు రాయడానికి ఏమీ ఉండదు. ఈ రోజు ఉంది.

ఏడో గల్లీ తలుపు మళ్లీ మూసుకుంది.

మధ్యాహ్నం మీద ఎండ ముదిరాక ఫ్యాను వేగం దానికదే తగ్గుతుంది. లేకపోతే నిప్పులాంటి గాలి గనిలోకి దిగుతుంది. ఫ్యాను తగ్గినప్పుడు ఏ గల్లీలోనైనా గ్యాసు పోగైతే, మిగతా గల్లీల్లోకి రాకుండా ఆ గల్లీ ఇనుప తలుపు దానంతటదే మూసుకుని ఎర్రదీపం వెలుగుతుంది. ఆ పని చేసేది మేం కాదు, స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌లో వరసలుగా రాసిపెట్టిన ఆజ్ఞలు. ఒక్కో గల్లీకి ఒక్కో షరతు ఉంటుంది. ఫ్యాను తగ్గి ఉండాలి, దాంతోపాటు గ్యాసు అంకె నూట ఇరవై ఐదు దాటాలి. రెండూ నిజమైతేనే తలుపు మూయాలి.

ఏడో గల్లీని తెరిచింది ఈ ఎండాకాలమే. పైన తమ ఊళ్లో ఆఖరి బోరు ఎండిపోతే నడిచి వచ్చిన నాలుగు కుటుంబాలను అందులో దింపాం. అప్పట్నుంచి ఫ్యాను తగ్గడమే ఆలస్యం, ఆ తలుపు మూసుకుంటోంది. ఫ్యాను మళ్లీ పుంజుకునే దాకా తెరుచుకోదు. మిగతా ఆరు గల్లీల్లో ఎర్రదీపం వెలిగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

నీళ్ల దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు జనం అంటున్నది ఒకటే మాట. వాళ్లు లోపల నిప్పు ముట్టిస్తున్నారట. మధ్యాహ్నం అందరం నడుం వాల్చే వేళ చూసుకుని పొయ్యి వెలిగిస్తున్నారట. గనిలో అంతకన్నా పెద్ద నేరం లేదు. నిప్పు ముట్టించినవాళ్లను మీదికి పంపేస్తారు. వైశాఖంలో మీదికి పంపడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పూర్తిగా అనరు.

నాకూ అనుమానంగానే ఉంది. నాలుగో గల్లీలో నా కూతురు పావని ఉంది. దానికి పుట్టినప్పట్నుంచీ ఊపిరితిత్తులు బలహీనం. ఇంకో గల్లీలో ఎవరో నిప్పుతో ఆడుతుంటే నేను చూస్తూ కూర్చోలేను.

మంగళవారం, మొదటి షిఫ్టు

ఫ్యాను తగ్గే వేళకు ముందే చేతి మీటరు తీసుకుని ఏడో గల్లీకి వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను. దొంగను పట్టుకోవాలంటే కబురు పంపి వెళ్లకూడదు కదా.

మొదట కనిపించింది సత్తవ్వ. చింతపండు నానబెట్టిన గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ఓదెలు గల్లీ చివర నిలబడి ఇనుపకడ్డీతో పైకప్పును కొడుతున్నాడు. ఒక దెబ్బ కొట్టడం, చెవి పెట్టి వినడం, ఇంకో అడుగు జరగడం. ఆ చప్పుడు రోజూ ఆరో గల్లీ దాకా వినిపిస్తుంది. పొయ్యి కోసం బొగ్గు పగలగొడుతున్నారని ఆరో గల్లీవాళ్లు అంటారు.

"ఏం జేస్తున్నవన్నా?" అన్నాను.

"సప్పుడు వింటున్న," అన్నాడు ఓదెలు. "బోరుబండి మీద బతికినోన్ని. కొట్టి వింటే రాయి ఎంత మందమున్నదో తెలుస్తది."

"తెలుసుకొని ఏంజేస్తవ్?"

అతను నా చేతిలోని మీటరు వైపు చూశాడు. "నువ్వు గాలిగది దానివి గదా. నిప్పు కోసం వచ్చినవ్. ఎతుక్కో మరి."

నాలుగు ఇళ్లూ వెతికాను. మూటలు విప్పించాను. గోడల మీద వేలితో రాసి మసి ఉందేమో చూశాను. బొగ్గు గోడ మీద మసి వెతకడం ఎంత తెలివితక్కువ పనో వేలు నల్లబడ్డాక గానీ తట్టలేదు. నేనింకా వెతుకుతుండగానే ఫ్యాను హోరు తగ్గింది. వెంటనే తలుపు కదిలి, నా కళ్లముందే మూసుకుంది.

మీటరు చూశాను. పద్నాలుగు.

నేలకు ఆనించి చూశాను, పైకప్పుకు ఎత్తి పట్టి చూశాను, తలుపు సందు దగ్గర చూశాను. ఎక్కడా పద్నాలుగు దాటలేదు. తలుపు పక్కనున్న గ్యాసు కన్ను చూపించిందీ అదే.

"మేం రోజూ గిట్లనే ఉంటం," అంది సత్తవ్వ. "మొదాలు తలకాయ నొస్తది. తర్వాత నిద్రొస్తది. పిల్లలు పడుకుంటే నేను ఒక్కొక్కల ముక్కుకాడ చెయ్యి పెట్టి సూస్తుంట. ఊపిరాడుతున్నదా లేదా అని."

నన్ను చూసి నిప్పు ఆర్పేసి ఉంటారనుకోవడం తేలికే. అనుకున్నాను కూడా. కానీ నిప్పు లేనప్పుడు తలుపు ఎందుకు మూసుకున్నట్టు? తలుపు తెరుచుకునే సరికి నాకూ తలనొప్పి మొదలైంది. బయటికి వస్తుంటే ఆరో గల్లీవాళ్లు గుమ్మాల్లో నిలబడి నన్నే చూస్తున్నారు. లోపల ఏం కనిపించిందని ఎవరూ అడగలేదు. ఏం దాస్తున్నానా అన్నట్టు చూశారంతే.

బుధవారం

ఈ రోజు నుంచి ఇది గాలిగది చిట్టాలో రాయడం లేదు. నాకు మాత్రమే తెలిసిన చోట రాస్తున్నాను. ఎందుకో కింద రాస్తాను.

పొద్దున ముందుగా నిన్నటి లెక్కలు తీశాను. ఏడో గల్లీ కన్ను కంప్యూటర్‌కు పంపిన అంకె పద్నాలుగే. అంటే కన్ను గుడ్డిది కాదు, తీగ తెగలేదు. పద్నాలుగని తెలిసి కూడా కంప్యూటర్ తలుపు మూసింది.

స్క్రిప్టు తెరిచి ఏడో గల్లీ వరస చదివాను. గల్లీ తెరిచినప్పుడు లింగమూర్తి సారు రాసిన వరస అది. అప్పుడు పావనికి ఒంట్లో బాగాలేక నేను పనిలోకి రాలేదు. ఫ్యాను తగ్గి ఉండి, గ్యాసు 125 కన్నా ఎక్కువైతే, తలుపు మూయి. తప్పేమీ కనిపించలేదు. మళ్లీ చదివాను. ఏదో గుచ్చుకున్నట్టనిపించింది గానీ అదేమిటో అందలేదు.

అప్పుడు ఆ స్క్రిప్టు ఉన్న చోటే ఇంకో ఫైలు కనిపించింది. పేరు 125. తెరిస్తే లోపల ఒక్క అక్షరం లేదు. దాన్ని చివరిసారి రాసింది మాత్రం నిన్న మధ్యాహ్నం, నేను లోపల ఉండగా తలుపు మూసుకున్న క్షణానే.

సరిగ్గా ఆ క్షణంలో ఎవరో ఈ కుర్చీలో కూర్చుని ఏదో చేశారు. చేసి ఒక గుర్తు వదిలారు. గ్యాసు హద్దు అంకెనే పేరుగా పెట్టి మరీ వదిలారు.

లింగమూర్తి సారు ఈ రోజు షిఫ్టుకు ముందుగానే వచ్చారు. రాగానే అడిగాను. "సారూ, ఈ ఖాళీ ఫైలు ఏంది?"

ఆయన వంగి చూశారు. చూడటానికి పట్టేదానికన్నా ఎక్కువసేపు వంగే ఉన్నారు.

"చెత్త. పాత మిషిను గదా, ఏవేవో పుట్టిస్తది. పట్టించుకోకు బిడ్డా," అన్నారు.

ఆయన చూస్తుండగానే దాన్ని తీసేశాను. ఆ తర్వాత పని ఉందని చెప్పి అక్కడే తచ్చాడాను. మధ్యాహ్నం ఫ్యాను తగ్గింది, ఏడో దీపం ఎర్రబడింది. ఆ సమయంలో సారు వడపోత దగ్గర ఉన్నారు. నేను నీళ్లు తాగడానికి పక్కకు వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే 125 మళ్లీ ఉంది.

కంప్యూటర్ పాస్‌వర్డు నాకు తెలుసు, సారుకు తెలుసు, పంచాయితీ పెద్ద భూలక్ష్మక్కకు తెలుసు. ముగ్గురిలో ఒకరు నేను. అందుకే ఈ రాత చోటు మార్చాను.

గురువారం

ఎవరికీ చెప్పకుండా పాస్‌వర్డు మార్చేశాను. 125ను మళ్లీ తీసేశాను. ఆ తర్వాత కుర్చీ వదల్లేదు. సద్ది కూడా అక్కడే తిన్నాను.

ఫ్యాను తగ్గే వేళకు భూలక్ష్మక్క వచ్చింది. ఆమె ఈ గదికి రావడం అరుదు. వచ్చి నా వెనక నిలబడింది. నేను చేతులు కీబోర్డుకు అడ్డంగా పెట్టుకున్నాను.

"ఏమైందే, దొంగను జూసినట్టు జూస్తున్నవ్?"

"ఏం లేదక్కా. మీరేందిట్ల?"

"నా కండ్లతోని నేను సూద్దామని."

ఫ్యాను హోరు తగ్గింది. ఏడో దీపం వెంటనే ఎర్రబడింది.

"సూసినవా? రెప్పపాటు గూడ ఆగలె," అంది ఆమె. ఆ గొంతులో సంతోషం ఉందేమోనని వెతికాను. లేదు. అలిసిపోయినట్టుంది. "శనివారం పంచాయితీ పెట్టిన. ఎండ తగ్గెదాక ఆగుదామన్న, ఒక్కలు ఇంటలేరు. నువ్వు మంగళవారం లోపలికి పోయినవట గదా. ఏం గనవడ్డది?"

"నిప్పు గనవడలేదు."

"మరి దీపమెందుకు ఎర్రగైతున్నది?"

ఆమె వెళ్లేదాకా ఆగి చూశాను. 125 వచ్చేసింది.

కుర్చీలో నేనే ఉన్నాను. కీబోర్డు మీద నా చేతులే ఉన్నాయి. ఆమె దేన్నీ ముట్టుకోలేదు. సారు ఇంట్లో ఉన్నారు. కొత్త పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. మనిషి చేయి పడకుండా ఆ ఫైలును పుట్టించగలిగేది ఒక్కటే, స్క్రిప్టు. నిన్న తప్పేమీ లేదనుకుంటూ నేను చదివిన ఆ వరసే.

శుక్రవారం

చదివితే దొరకనిది నడిపి చూస్తే దొరుకుతుందేమో అనుకున్నాను. 125ను మళ్లీ తీసేసి, తలుపులతో, ఫ్యానుతో సంబంధం లేకుండా, ఆజ్ఞలు ఒక్కొక్కటిగా కొట్టే కమాండ్ లైన్ తెరిచి, ఆ షరతులో గ్యాసు ముక్క ఒక్కటే విడదీసి చేత్తో కొట్టాను. గ్యాసు ఉండాల్సిన చోట పద్నాలుగు పెట్టాను.

[ 14 > 125 ]

జవాబు అడిగాను. సున్నా వచ్చింది.

తెలియనివాళ్లకు చెప్పాలి. ఈ భాషలో సున్నా అంటే నిజం, ఒకటి అంటే అబద్ధం. పని ముగిశాక అది చెప్పేది తప్పుల లెక్క. తప్పు లేకపోతే సున్నా. నేర్చుకునే కొత్తలో నాకిది మింగుడుపడలేదు. ఇప్పుడు తెర మీదున్నది సున్నా. పద్నాలుగు నూట ఇరవై ఐదు కన్నా ఎక్కువన్నది నిజమట.

రెండు పెట్టాను. నిజమంది. సున్నా పెట్టాను. నిజమంది. అంకె మానేసి "చింతపండు" అని కొట్టాను. అదీ నూట ఇరవై ఐదు కన్నా ఎక్కువేనంది. చివరికి ఆ చోటు ఖాళీగా వదిలి కొట్టాను. అప్పుడు ఒకటి వచ్చింది. అబద్ధం. అక్కడ ఏదో ఒకటి ఉంటే చాలు, దానికి నిజమే. ఏమీ లేకపోతేనే అబద్ధం.

ఫైళ్లు చూస్తే 125 మళ్లీ పుట్టి ఉంది, ఇప్పుడే, నా చేతుల్లోనే.

అప్పటికి అర్థమైంది. మనం చదివేటప్పుడు ఆ గుర్తు "కన్నా ఎక్కువ". ఈ యంత్రానికి అది ఎక్కువా తక్కువా చెప్పే గుర్తు కాదు, బాణం. ఎడమ పక్క వచ్చిన జవాబును కుడి పక్కనున్న పేరుతో ఫైలు చేసి అందులో పొయ్యమని అర్థం. పోయడానికి జవాబేమీ లేదు కాబట్టి ఫైలు ఖాళీ. పోల్చడమన్నది అసలు జరగనే లేదు. ఎడమ పక్క ఏదో ఉంది కదా, అంతేచాలని నిజమనేసింది. ముందుగా ఫ్యాను తగ్గిందా అని చూసి, అది నిజమైతేనే ఈ రెండో ముక్కకు వస్తుంది. అందుకే రోజంతా ఊరుకుని, సరిగ్గా ఫ్యాను తగ్గగానే ఫైలు పుట్టి తలుపు పడుతోంది.

మిగతా ఆరు వరసలు తీశాను. అన్నింట్లోనూ అంకెలు పోల్చే చోట -gt అని ఉంది. అలా మార్చి కొట్టాను.

[ 14 -gt 125 ]

ఒకటి. అబద్ధం. నూట ఇరవై ఐదే పెట్టాను, అబద్ధం. నూట ముప్పై పెట్టాను, నిజం. ఫైలు పుట్టలేదు.

పాత వరసను పక్కన భద్రంగా దాచి, స్క్రిప్టులో సరిచేసింది పెట్టాను. శనివారం దాకా ఆగితే జనానికి చూపించడం తేలికయ్యేది. కానీ సత్తవ్వ పిల్లల ముక్కుల దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకో మధ్యాహ్నం కూర్చోవాలి. మధ్యాహ్నం ఫ్యాను తగ్గింది. ఏడో దీపం పచ్చగానే ఉంది.

నీళ్ల వరుసలో వెంటనే మాట పుట్టింది. "రేపు పంచాయితీ అని తెలిసింది గదా, ఇయ్యాల ముట్టియ్యలె సూడు." తలుపు మూసుకున్నా వాళ్ల తప్పే, మూసుకోకపోయినా వాళ్ల తప్పే.

ఇక్కడితో ఆపితే బాగుండు. కానీ అప్పట్నుంచి ఒకటే గుర్తుకొస్తోంది. నేను పని నేర్చుకునేటప్పుడు ఒకసారి ఆ బాణం గుర్తే రాశాను. లింగమూర్తి సారు నా చెయ్యి పట్టుకుని ఆపి, తుడిపించి, -gt రాయించారు. ఎందుకని అడిగితే "ఇక్కడ ఆ గుర్తు రాయొద్దు, గంతే" అన్నారు. పావని పుట్టకముందు సంగతి. మిగతా ఆరు వరసల్లో ఒక్కసారి కూడా పొరబడని చెయ్యి ఏడో వరసలో పొరబడిందా?

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన ఒక్కరే ఉంటారు. పావని కోసం దాచిన బెల్లం ముక్క తీయబోయారు. వద్దన్నాను.

"సారూ, ఏడో గల్లీకి బాణం రాసింది మీరే. చెయ్యి జారిందా?"

ఆయన బెల్లం డబ్బాకు మూత పెట్టారు. చెయ్యి జారిందని ఆయన అంటే నమ్మడానికి సిద్ధంగానే వచ్చాను. అనమని మనసులో బతిమాలుకున్నాను కూడా.

"ఫ్యాను గాలి ఆరు గల్లీలకే సరిపోతది," అన్నారు చివరికి. "లెక్క జూసిన. ఏడోది గూడ తెరిసి ఉంచితే మధ్యాన్నం పూట అందరికీ తక్కువబడతది. ఆరోగ్యమున్నోళ్లు తట్టుకుంటరు. నీ బిడ్డ తట్టుకోదు. అదట్ల ఎగబోసుకుంట ఉంటే సూడలేకపోయిన."

"నా బిడ్డ పేరు పెట్టి వాళ్ల పిల్లలకు గాలి ఆపిండ్రా?"

"పూర్తిగ ఆపలే. సందులల్లకెళ్లి కొంచెం పోతది."

"నిప్పు ముట్టిస్తున్నరని అంటున్నరు. మీదికి పంపుతరు వాళ్లను."

"నిప్పు మాట నేననలే వనమాలా. జనమే అన్నరు."

"కాదని గూడ మీరు అనలే."

ఆయన తల దించుకున్నారు. ఆ ఫైలు దగ్గర ఆయన ఎందుకంత సేపు వంగి ఉన్నారో ఇప్పుడు తెలిసింది. అది కనబడుతుందని ఆయనకే తట్టి ఉండదు. కోపం రావాలి నాకు. వచ్చింది కూడా. దాని కింద ఇంకొకటి ఉంది, అదే భయపెట్టింది. పోయిన వారం పావని మధ్యాహ్నాలు బాగా నిద్రపోయింది. నేను సంతోషించాను.

శనివారం

పంచాయితీ నాలుగు గల్లీలు కలిసే చోట పెట్టారు. ఒక పక్క లోనూరు జనం, ఇంకో పక్క ఏడో గల్లీ నాలుగు కుటుంబాలు. మధ్యలో మనుషులు నిలబడేంత ఖాళీ ఉన్నా ఎవరూ నిలబడలేదు. గాలిగది నుంచి తీగ లాగి తెర అక్కడ పెట్టించాను. భూలక్ష్మక్క అభ్యంతరం చెప్పలేదు.

"తలుపు ఎందుకు మూసుకుంటున్నదో నా నోటితోని చెప్తే మీరు నమ్మరు," అన్నాను. "మిషినునే అడుగుండ్రి. అక్కా, ఒక అంకె చెప్పుండ్రి. చిన్నది."

"రెండు," అంది భూలక్ష్మక్క.

దాచిన పాత వరసలో రెండు పెట్టి కొట్టాను. సున్నా అంటే నిజమని ముందే చెప్పాను. సున్నా వచ్చింది.

"రెండు నూట ఇరవై ఐదు కంటె ఎక్కువనా?" అన్నారెవరో వెనకనుంచి. "ఇదేదో ఈమె ముందే పెట్టుకొని వచ్చింది. మంగళవారం వాళ్లింట్ల గూసొని వచ్చింది గదా."

"అయితే మీరే వచ్చి కొట్టుండ్రి," అన్నాను.

అన్నతను వచ్చి కొట్టాడు. ఏడు కొట్టాడు, యాభై కొట్టాడు. అన్నిటికీ సున్నాయే. ఆరో గల్లీ నుంచి ఇంకొకామె వచ్చి కొట్టింది. తర్వాత జనం తెర చుట్టూ మూగారు. ఆ తోపులాటలోనే మధ్యనున్న ఖాళీ ఎప్పుడు పూడిపోయిందో చూడలేదు. తలెత్తేసరికి సత్తవ్వ నా పక్కనే ఉంది.

"అంకెలే కొట్టాల్నా?" అంది.

"ఏదన్న కొట్టొచ్చు."

"నా పేరు కొట్టు."

సత్తవ్వ అని కొట్టాను. సున్నా.

ఆమె ఆ సున్నాను కాసేపు చూసింది. "నేను గూడ ఎక్కువనేనంటున్నది," అంది. గొంతు పెంచలేదు. "అంటే గ్యాసు లేదు, పొగ లేదు. లోపట మేమున్నమని మూసుకున్నది తలుపు. గంతే గదా?"

నేను -gt పెట్టిన వరస నడిపి చూపించాను. దానికి సత్తవ్వ పేరు ఇస్తే ఇది అంకె కాదని తిరగ్గొట్టింది. రెండు ఇస్తే అబద్ధమంది.

"అయితే రాసినప్పుడు పొరపాటైంది," అంది భూలక్ష్మక్క, పెద్ద బరువు దించుకున్నట్టు. "ఒక్క గుర్తు తేడా. సరే, సరిచేసిండ్రు గదా."

అందరూ ఊపిరి వదిలారు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందే లింగమూర్తి సారు లేచారు.

"పొరపాటు గాదు. తెలిసే రాసిన," అన్నారు.

నిన్న నాకు చెప్పిందే అందరికీ చెప్పారు. పావని పేరు మాత్రం ఎత్తలేదు. గాలి లెక్క ఒక్కటే చెప్పారు. ఓదెలు పిడికిళ్లు బిగించి ఒక అడుగు ముందుకు వేశాడు. పక్కవాళ్లు పట్టుకున్నారు.

"గాలి తోని మోసం జేసినా నిప్పు ముట్టిచ్చినా ఒకటే శిక్ష," అంది భూలక్ష్మక్క. "అందరికీ ఎరికున్న కట్టుబాటే. లింగన్నా, నువ్వు మీదికి పోవాల్సిందే."

సారు తల ఊపారు. జనంలో కొందరు అవునన్నారు. పోయిన వారం వాళ్లే ఏడో గల్లీ వైపు వేలు చూపించారు. అప్పుడు వాళ్ల గొంతులు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

"ఆగుండ్రి," అంది సత్తవ్వ. "మీలో ఎవలన్న ఈ ఎండల మీద నడిసిండ్రా?"

అవునన్నవాళ్లలో ఒక్క చెయ్యీ లేవలేదు.

"మేం నడిసినం. ఎనిమిది కుటుంబాలు బయలెల్లినం. నాలుగే దిగినం. మిగిలినోళ్లను ఎక్కడ పండవెట్టినమో గూడ యాదికి లేదు, గుర్తు పెట్టుకునే సోయి లేకుండె. ఈయన మీద నాకు జాలి లేదు. కని ఎవల్నీ మీదికి పంపొద్దు. పంపుడంటే ఏందో తెలిసినోళ్లం సెప్తున్నం."

భూలక్ష్మక్క శిక్షను వెనక్కి తీసుకుంది. ఇకముందు లింగమూర్తి సారు ఒంటరిగా కంప్యూటర్ ముట్టుకోకూడదంది. ఎవరు ఏ షరతు రాసినా, అది ఎవరి తలుపుకు సంబంధించిందో వాళ్ల ఎదుట కమాండ్ లైన్‌లో నడిపి చూపించాకే స్క్రిప్టులో పెట్టాలంది. హద్దుకు తక్కువ, సరిగ్గా హద్దు, హద్దుకు ఎక్కువ, మూడూ కొట్టి చూపించాలి. ఈ మాట నాకూ వర్తిస్తుందని నా వైపు చూసి మరీ అంది.

అందరూ లేస్తుండగా ఓదెలు నా దగ్గరికి వచ్చాడు. "ఆయన గాలి లెక్క నిజమేనా?"

"నిజమే అన్నా. మళ్లీ చేసి చూసిన. మధ్యాన్నం తక్కువబడతది. నా బిడ్డకు ఆయాసం మొదలైంది."

"మరి నేనన్నది ఎవలన్న ఇన్నరా? మా గల్లీ చివర పైకప్పు మందం తక్కువున్నది. సప్పుడు తేలికగుంది. గాలి కోసం మీదికి బోరు ఎయ్యొచ్చు. దిగిన రోజు నుంచి సెప్తున్న, బొగ్గు దొంగతనం జేస్తున్నవని కడ్డీ గుంజుకున్నరు రెండుసార్లు."

బోరు పడిన రోజు

ఇన్నాళ్లూ రాయడానికి తీరిక లేదు. పాత యంత్రాల షెడ్డులో ఉన్న డ్రిల్లును ఓదెలు విప్పి, మళ్లీ కట్టాడు. ఆరో గల్లీవాళ్లు కడ్డీలు మోశారు. మొదట్లో మొహమాటానికి, తర్వాత అలవాటుగా. పావని రెండుసార్లు బాగా ఇబ్బంది పడింది. రెండోసారి దాన్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నప్పుడు, ఏడో తలుపు మూసేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నాకూ వచ్చి పోయింది. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఈ పొద్దున డ్రిల్లు అవతలికి తేలింది. ముందు దుమ్ము రాలింది. తర్వాత సన్నటి వెలుగు గీత నేల మీద పడింది. పిల్లలు దానిలో చేతులు పెట్టి ఆడుకున్నారు. చిన్న ఫ్యాను బిగించారు. దానికి కొత్త షరతు కావాలి. బోరు సన్నం కాబట్టి మామూలు మధ్యాహ్నపు ఎండకు తెరిచే ఉంచొచ్చు, బయటి వేడి మరీ ముదిరి హద్దు దాటితేనే మూత మూయాలి.

ఆ వరస లింగమూర్తి సారు రాశారు. మూతలూ మరలూ ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. రాసేటప్పుడు పక్కన నేనున్నాను. వెనక ఏడో గల్లీవాళ్లంతా నిలబడ్డారు. ఓదెలు చేతులు కట్టుకుని తెరకేసి కాదు, సారు వేళ్లకేసి చూస్తున్నాడు. పంచాయితీ తర్వాత వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

హద్దుకు తక్కువ అంకె చెప్పాను. సారు కొట్టారు. ఒకటి. అబద్ధం, మూత తెరిచే ఉంటుంది. సరిగ్గా హద్దు చెప్పాను. ఒకటి. హద్దుకు ఎక్కువ చెప్పాను. సున్నా. నిజం, మూత మూసుకుంటుంది. కొత్త ఫైళ్లేమీ పుట్టలేదని తెర మీద చూపించాను.

"సరిగ్గున్నది గదా?" అన్నారు సారు, వెనక్కి తిరక్కుండానే.

సత్తవ్వ ముందుకు వంగి తెరను చూసింది.

"ఇంకొక్కసారి కొట్టు," అంది.

ఆయన కొట్టారు.